పెత్రమాసనాటి కొత్త డిస్కు

సాయంత్రం నాలుగు గంటలు. పొద్దటి నుంచి సన్నగా వాన పడుతూనే ఉంది. గాలి లేదు.

తొంభై ఎనిమిదో సంవత్సరం. మిర్యాలగూడలో రైసుమిల్లులకు పోయే రోడ్డు మీద, వరసగా ఉన్న ఆరు షట్టర్లలో చివరిది స్వరూప కంప్యూటర్ షాపు. ఉడకబెట్టిన వడ్ల వాసన ఆ రోడ్డును ఎన్నడూ వదలదు. వానకు ఆ వాసన కిందికి దిగి, షట్టరు కింద నుంచి లోపలికి పాకి, ఫ్యాను తిరుగుతున్నా పోకుండా కూర్చుంది.

స్వరూప తల్లి వెంకటనర్సమ్మ గోడ పక్క ఎత్తుపీట మీద కూర్చొని, కోదాడ నుంచి వచ్చిన మెకానిక్కును చూస్తూ ఉంది. పేరు సత్యనారాయణ. చొక్కా జేబులో పెన్నులు పెట్టుకున్నట్టు నాలుగు స్క్రూడ్రైవర్లు పెట్టుకున్నాడు. బస్సు దిగినప్పటి నుంచి నోరు మూసింది లేదు. ఏ బ్యాంకు మిషన్ తను బాగు చేశాడో, ఏ పెద్ద సారు తనకు చాయ్ తాగించాడో, అన్నీ చెప్పాడు. కంప్యూటర్ డబ్బా మూత మాత్రం ఇంకా సగమే ఊడింది.

వెంకటనర్సమ్మ మాటకారి కాదు. పది మాటలకు ఒక మాట అంటుంది. అనకుండా మిగిలిన తొమ్మిదీ ఆమె మొహం మీద ఉంటాయి. మెకానిక్కు ఆ మొహం చదవగలిగినవాడైతే వెనక్కి బస్సెక్కేవాడు.

"ఇదా మేడం మీ హార్డ్ డిస్కు?" అన్నాడు అతను, ఎట్టకేలకు మూత ఊడదీసి, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు దాన్ని రెండు వేళ్లతో తీసి. "దీంతో మండలం మొత్తం ఎక్కించారా?"

"నాలుగేండ్ల నుంచి అదే నడుస్తున్నది సార్," అంది స్వరూప.

"నడవడం కాదండీ. పాకుతోంది పాపం."

మాట అబద్ధం కాదు. ఓటర్ల జాబితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని వాళ్లది. మూసీ కృష్ణలో కలిసే దిక్కున్న ఒక మండలం వాళ్ల వంతుకు వచ్చింది. స్వరూప ఎక్కిస్తుంది. ఎక్కించినాక వెంకటనర్సమ్మ చేతిరాత రిజిస్టరు ముందు పెట్టుకొని పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు గట్టిగా చదువుతుంది. స్వరూప వరస నంబరు కొడుతుంది. డబ్బాలో పప్పు రుబ్బినట్టు గరగర చప్పుడవుతుంది. కొంచెం సేపటికి పేరు తెర మీదికి వస్తుంది. "ఉన్నడు," అంటుంది స్వరూప. ఆడమనిషి అయితే "ఉన్నది" అంటుంది. మళ్లీ ఇంకో పేరు. ఆ గరగర జరిగినంత సేపు వెంకటనర్సమ్మ ఊపిరి పీల్చుకునేది. ఏడో తరగతి చదివిన మనిషి. గొంతు మాత్రం బడి గంట.

ఇప్పుడు దాని చోట కొత్త డిస్కు. ఎనిమిదింతలు పెద్దది, పదింతలు ఉరికేది అని మెకానిక్కు చెప్పాడు. రెండింటినీ చెరో తీగకు తగిలించి, పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి పోసే పని మొదలుపెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"అరగంట. ఈలోపు చాయ్ ఏమైనా..."

"వాన పడుతున్నది," అంది వెంకటనర్సమ్మ. చాయ్ సంగతి అక్కడికి ఖతం.

అంతలో గొడుగు భుజానికి ఆనించుకొని సత్తమ్మ వచ్చింది. ఇంటి పక్క మనిషి. ఒక చేతిలో తంగేడుపూలు, గునుగుపూలు పేర్చిన బతుకమ్మ, ఇంకో చేతిలో వెంకటనర్సమ్మ చిన్నబిడ్డ రజిత. పదేండ్ల పిల్ల. కొత్త లంగా, కాళ్లకు పసుపు, పట్టీలు.

"కాలువ కాడికి పోతున్నం వదినె. నువ్వు రావా ఈ యేడు గూడ?"

"పనుంది."

"ఎన్నడు లేదు నీకు పని?" సత్తమ్మ బల్ల మీది రిజిస్టరును చూసింది. తెరిచి ఉన్న పేజీ పైన పెద్దక్షరాలతో 'చనిపోయినవారు – తొలగింపులు' అని రాసి ఉంది. ఆమె మొహం మారింది. "గిదేంది? గీ పేర్లా చదివేది ఇయ్యాల? ఇయ్యాల పెత్రమాస వదినె."

పెత్రమాస అంటే పోయిన పెద్దలకు పెట్టే అమావాస్య. పేరు పేరునా పిలిచి, వాళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు. పొద్దున వెంకటనర్సమ్మ మొగుడు గౌరయ్య తడిబట్టతో నిలబడి తల్లిని తలుచుకొని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అయ్యగారి ముందు సొరకాయ కూడా పెట్టాడు. ఆ తల్లి ఏడాదిన్నర మంచంలో ఉంటే ముక్కుకు టవాలు అడ్డం పెట్టుకొని, గడప బయట నుంచే "తిన్నవా అమ్మా" అని అడిగిపోయిన కొడుకు. మలమూత్రాలు ఎత్తింది వెంకటనర్సమ్మ. అందుకే పొద్దున సొరకాయను చూసి ఆమెకు నవ్వొచ్చింది.

"పిలిస్తె పెట్టాలె," అంది సత్తమ్మ, గొంతు తగ్గించి. "పెట్టి, పోయిరమ్మని సాగనంపాలె. ఉత్త చేతులతోని పిలువొద్దు ఇయ్యాల. రేపు చదువుకోరాదు?"

"రేపు పొద్దున ఆఫీసు మనిషి వస్తడు కాయితాలకు."

"రానీ. ఒక పూట ఆగితె ఏమైతది?"

"ఆళ్లకు పెట్టేటోళ్లు ఆళ్ల ఇండ్లల్ల ఉన్నరు. ఇక్కడికి ఎందుకొస్తరు, నా మొహం సూడనీకా?"

మెకానిక్కు కిసుక్కున నవ్వాడు. తన మాటకు ఆ మనిషి నవ్వడం వెంకటనర్సమ్మకు నచ్చలేదు. అన్నమాట వెనక్కి తీసుకోవడం అంతకన్నా నచ్చదు.

"పిల్లను శీకటి పడకముందే ఇక్కడికే తోల్కరా," అంది. "నీళ్ల అంచుకు పోనియ్యకు. కాలువ నిండ పోతున్నదట."

"నా చెయ్యి ఇడువది లే."

రజిత గొడుగు కిందికి దూరి, వెనక్కి తిరిగి తల్లికి చెయ్యి ఊపింది. వెంకటనర్సమ్మ చెయ్యి ఊపలేదు. ఆమెకు అట్లాంటివి రావు. పిల్ల తిరిగిన మలుపు దాకా చూసింది, అంతే.

*

ఐదింటికి పాత డిస్కును ఊడదీసి మెకానిక్కు తన సంచిలో వేసుకున్నాడు. మూత బిగించి మీట నొక్కాడు. డబ్బా మేలుకుంది. గరగర లేదు. చడీచప్పుడు లేదు. చెవి దగ్గర పెడితే, దూరంగా ఎవరో ముక్కుతో ఊపిరి పీలుస్తున్నట్టు సన్నటి గాలి చప్పుడు.

"అన్నీ వచ్చినట్టేనా సార్?" అడిగింది స్వరూప. "తెలుగు అక్షరాలు ఒక్కోసారి కలగలిసిపోతయి గద."

"చిన్న ఫైలు ఒకటి తీసుకొని మొదటి నుంచి చివరి దాకా సరిచూడండి మేడం. అది బాగుంటే అన్నీ బాగున్నట్టే."

అన్నింట్లో చిన్న ఫైలు చనిపోయినవాళ్లది. రెండు వందల పన్నెండు పేర్లు.

స్వరూప తల్లి వైపు చూసింది. "రేపు పొద్దున తొందరగ వచ్చి సూద్దామా అమ్మా?"

"నీకు గూడ ఎక్కిందా సత్తమ్మ గాలి?" అంది వెంకటనర్సమ్మ. రిజిస్టరు ఒళ్లోకి తీసుకుంది.

కొంచెం గాలి లేచింది, వాన పెరిగింది. జల్లు లోపలికి కొడుతున్నదని మెకానిక్కు షట్టరును కిందికి లాగాడు. మోకాలెత్తు సందు వదిలాడు. ఆ సందులో నుంచి వసారా గచ్చు, దాని అవతల రోడ్డు మీద ఎగిరిపడే చినుకులు కనిపిస్తున్నాయి.

"చకిలం సైదయ్య, తండ్రి లింగయ్య, ఇల్లు ఒకటి–నాలుగు."

"ఉన్నడు."

వెంకటనర్సమ్మ తలెత్తింది. తన మాట పూర్తి కాకముందే జవాబు.

"సూడకుంటనే అంటున్నవా?"

"లేదమ్మా. నంబరు కొట్టంగనే వస్తున్నది."

"మరి? రెప్ప వేసేలోపు వచ్చేస్తారండీ," అన్నాడు మెకానిక్కు, తన కన్నపిల్లను మెచ్చుకున్నంత సంబరంగా.

"రేపాల లచ్చమ్మ, భర్త నర్సయ్య, ఇల్లు ఒకటి–తొమ్మిది."

"ఉన్నది."

"ధరావత్ భీమ్లా, తండ్రి గేమ్యా, ఇల్లు రెండు–ఒకటి."

"ఉన్నడు."

"మాతంగి అబ్రహాం, తండ్రి కాటయ్య, ఇల్లు రెండు–ఆరు."

"ఉన్నడు. అమ్మా, అబ్రహాంకు పెత్రమాస ఉంటదా?"

"నోరు మూసుకొని సూడు."

పేర్లు ఉరికాయి. ఇంతకుముందు పేరుకూ పేరుకూ మధ్య ఉండే ఊపిరి లేదు. ఆమె ఆగడానికి సందు లేదు. మెకానిక్కు సామాను సర్దుకుంటూ నవ్వుతున్నాడు.

"చూశారా అమ్మగారూ, పిలవగానే పలుకుతున్నారు." తెర వైపు తిరిగి, పెండ్లివారిని పిలిచినట్టు రెండు చేతులూ జోడించాడు. "రండి రండి. బయట వానలో ఎందుకు, అందరూ లోపలికి రండి. కుర్చీలే మా దగ్గర తక్కువ."

స్వరూప నవ్వలేదు. వెంకటనర్సమ్మ పేజీ తిప్పింది.

కరెంటు పోయింది.

ఫ్యాను మెల్లగా ఆగింది. పక్క షాపుల్లో దీపాలు పోయాయి. తెర మాత్రం వెలుగుతూనే ఉంది. కింద పెట్టిన బ్యాటరీ డబ్బా కుయ్... కుయ్... అని మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు నడుస్తుంది అది.

"కానియ్యి అమ్మా. అది ఆరిపోకముందే అయిపోతది."

తెర వెలుతురు రిజిస్టరు మీద నీలంగా పడింది. వెంకటనర్సమ్మ కళ్లు చిట్లించి చదివింది. నలభై. యాభై. అరవై. చదువుతూ చదువుతూ ఒకసారి షట్టరు దిక్కు చూసింది. సందులో రెండు పాదాలు. ఎవడో వానకు వసారాలో నిలబడ్డాడు. చెప్పులు లేవు.

ఇంకో పది పేర్లయినాక చూస్తే నాలుగైదు జతలు.

పనీపాటా లేని జనం, అనుకుంది. చినుకు పడితే చాలు, ఎవరి వసారా అయితే ఏమి. అడిగే దిక్కు లేదు.

"బానోతు దీప్లా, తండ్రి..."

"ఉన్నడు."

ఉడికిన వడ్ల వాసన పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. దాని చోట ఇంకో వాసన. తవ్విన ఎర్రమట్టి వాసన... తడిసిన కొత్తగుడ్డ వాసన.

"నేను బయలుదేరతానండీ," అన్నాడు మెకానిక్కు, సంచి భుజానికి వేసుకొని. "కోదాడ బస్సు ఇప్పుడు తప్పితే మళ్లీ గంట."

"బయట నిలబడ్డోళ్లను జర పక్కకు పొమ్మను," అంది వెంకటనర్సమ్మ. "తొవ్వకడ్డం ఉన్నరు."

అతను వంగి షట్టరు కింద నుంచి బయటికి దూరాడు. సందులో అతని బూట్లు కనిపించాయి. వాటికి ఇటు రెండు పాదాలు, అటు రెండు పాదాలు, వెనక ఇంకా ఎన్నో. బూట్లు ఒక అడుగు వేశాయి. పాదాలు జరగలేదు.

"ఎవరున్నారండీ ఇక్కడ?" అంది అతని గొంతు, నవ్వుతూ. "ఒక్కరూ లేరు. వస్తానమ్మగారూ, చీకట్లో భయపడకండి."

బూట్లు వాటి మధ్యలో నుంచి నడుచుకుంటూ రోడ్డు దిగి పోయాయి. అతను ఆ రాత్రి కోదాడ చక్కగా చేరాడని, ఇప్పటికీ అక్కడ నలుగురికి చెప్పుకుంటూ బతుకుతున్నాడని తర్వాత తెలిసింది. అటువంటివాళ్లకు ఏమీ కాదు.

వెంకటనర్సమ్మ చదవడం ఆపింది.

ఆ పాదాలు పొడిగా ఉన్నాయి. పక్కనే చినుకులు గచ్చు మీద పడి చిందుతున్నాయి. ఆ కాళ్ల మీద ఒక్క తడి చుక్క లేదు. వేళ్లన్నీ లోపలి వైపే. ఏ జతలోనూ రెండు కాళ్లు ఎడంగా లేవు. దగ్గరగా, దగ్గరగా...

ఆమె పీట మీద నుంచి కొంచెం వంగింది.

కాలి బొటనవేళ్లు రెండూ కలిపి తెల్లటి గుడ్డపేలికతో కట్టి ఉన్నాయి. అన్ని జతలకూ. పాడె మీదికి ఎక్కించే ముందు కడతారే, అట్లా.

అరవాలని కూడా అనిపించలేదు. బిడ్డ చూడకూడదు. అదొక్కటే అనిపించింది.

"ఉన్నది," అంది స్వరూప.

వెంకటనర్సమ్మ తిరిగి చూసింది.

"ఉన్నడు." స్వరూప వేళ్లు నంబర్లు కొడుతున్నాయి. కళ్లు తెర మీదే ఉన్నాయి. "ఉన్నడు... ఉన్నది."

"స్వరూపా."

"ఉన్నడు... ఏందమ్మా, ఆగకు. సగం అయిపోయింది."

"నేను చదువుతలేను."

"చదువుతున్నవ్ గద." స్వరూప తెర నుంచి కన్ను తిప్పలేదు. "ఇనపడుతున్నది. నీ గొంతే గద... ఉన్నడు."

వెంకటనర్సమ్మకు ఏమీ వినిపించలేదు. వాన చప్పుడు. బ్యాటరీ కుయ్... కుయ్... అంతే. తన ఒళ్లో రిజిస్టరు మూసి ఉంది. ఎప్పుడు మూసిందో ఆమెకు తెలియదు.

ఆమె లేచి తీగ పట్టుకొని గుంజింది. తెర ఆరిపోయింది.

చీకటి. షట్టరు కింద మాత్రం ఆరిపోతున్న పొద్దు వెలుతురు, ఒక పట్టీ లాగా. ఆ పట్టీ నిండా కాళ్లు.

"అమ్మా..." స్వరూప గొంతు ఇప్పుడు మామూలుగా ఉంది. చిన్నగా ఉంది. "ఎవరమ్మా వాళ్లు?"

"ఊకో. అటు సూడకు."

పిలిస్తే పెట్టాలె. సత్తమ్మ మాట. పెట్టి సాగనంపాలె. షాపులో బియ్యం ఎక్కడివి? బల్ల కింద మధ్యాహ్నపు టిఫిన్ గిన్నె ఉంది. అడుగున నాలుగు ముద్దల అన్నం, పప్పు కలిపి వదిలేసింది. వెంకటనర్సమ్మ నేల మీద కూర్చొని, మూత తీసి, గిన్నెను షట్టరు సందు దగ్గరికి తోసింది. ఏమనాలో తెలియలేదు. పొద్దున గౌరయ్య అన్న మాటలు ఆమె వినలేదు. ఆ సొరకాయనే చూస్తూ నిలబడింది.

"తినుండ్రి," అంది గుసగుసగా. "తిని పోయిరాండ్రి. తప్పయింది."

ఏమీ కాలేదు. వాన పడుతూ ఉంది.

కట్టిన పాదాల జత ఒకటి కదిలింది. రెండు కాళ్లూ కలిసే కదిలాయి. మడమ నేలకు ఆనించి, వేళ్లు గిన్నె అంచుకు తగిలించి... మెల్లగా, మెల్లగా గిన్నెను లోపలికి తోశాయి. గచ్చు మీద ఇత్తడి గీసుకున్న చప్పుడు. గిన్నె ఆమె మోకాలికి తగిలి ఆగింది.

ఎంగిలి అన్నం.

ఆమె తన జన్మలో ఎవరి చేతనూ అంత చిన్నతనం పడలేదు. మంచం మీది అత్త తిట్టినా పడలేదు. ఒక్క మాట లేదు, ఒక్క తిట్టు లేదు. కాలితో తోసేశారు.

అప్పుడే ఆమె చూసింది. ఆ కాళ్లన్నింటి వెనక, రోడ్డు అంచున, ఒక చిన్న జత. పసుపు రాసినవి. పట్టీలు పెట్టినవి. ఆ బొటనవేళ్లకు కట్టు లేదు. పక్కనే ఒక ఆడమనిషి పాదాలు, మెట్టెలతో, చిన్న కాళ్లను ఆనుకొని. ఆ పెద్ద పాదాలు బాగా తెలిసినవి అనిపించాయి. ఎక్కడ చూసిందో ఎంతకూ గుర్తుకు రాలేదు.

"రజితా..."

చిన్న కాళ్లు తిరిగాయి. పెద్ద కాళ్లూ తిరిగాయి. రెండూ కలిసి నడిచాయి, రోడ్డు వెంట, తొందర లేకుండా. ఒకదాని వెనక ఒకటి మిగిలినవన్నీ మడమలు ఇటు తిప్పాయి.

వెంకటనర్సమ్మ షట్టరు కింద రెండు చేతులు పెట్టి పైకి ఎత్తేసింది.

వసారాలో ఎవరూ లేరు. రోడ్డు మీద ఎవరూ లేరు. వసారా గచ్చు మీద మెకానిక్కు బూట్ల బురద గుర్తులు మాత్రమే ఉన్నాయి, రోడ్డు వైపు పోతూ.

*

ఇద్దరూ కాలువ దాకా ఉరికారు. స్వరూప చెప్పు తెగితే చేతిలో పట్టుకొని ఉరికింది. గట్టు మీద ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ ఇంకా తిరుగుతున్నారు. మూడు లాంతర్లు. నల్లగా, నిండుగా నీళ్లు. బతుకమ్మలు ఒక్కొక్కటే నీళ్లలో దూరంగా పోతున్నాయి.

సత్తమ్మ పసుపు చేతులు కడుక్కుంటూ ఉంది. ఒక్కతే ఉంది.

"పిల్ల ఏది?" అంది వెంకటనర్సమ్మ.

సత్తమ్మ ఆమెను కింది నుంచి మీది దాకా చూసింది. "గదేంది వదినె? ఇప్పుడే గద నువ్వు తోల్కపోయినవ్."

"నేను రాలే."

"పరాచికాలు ఆడకు. వచ్చి నా చేతిలకెల్లి పిల్ల చెయ్యి గుంజుకున్నవ్. ఆట కానియ్యి వదినె అంటె పలుకకపోతివి. మొహం గంటు పెట్టుకొని." సత్తమ్మ మూతి తిప్పింది. "నీ తీరే గంత అని నేను ఏమనలే."

స్వరూప తల్లి కొంగు పట్టుకుంది. వెంకటనర్సమ్మ నీళ్ల దిక్కు ఒకసారి చూసింది. గట్టు అంచున పట్టీల కోసం, లంగా కోసం చూసింది. తర్వాత ఇంటి తొవ్వ పట్టింది. ఉరికే శక్తి అయిపోయింది. కింది పెదవి కొరికి పట్టుకొని నడిచింది.

మొక్కడం ఆమెకు అలవాటు లేదు. ఆ తొవ్వలో ఎన్ని మొక్కులు మొక్కిందో లెక్క లేదు.

*

ఇంట్లో లాంతరు వెలుగుతూ ఉంది. ముందు గదిలో చాప మీద రజిత పడుకొని ఉంది. లంగా తడిసి కాళ్లకు అంటుకుంది. పసుపు చెదరలేదు. వెంకటనర్సమ్మ పక్కన కూలబడి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చటి గాలి. కాళ్లు చూసింది, వేళ్లు విడదీసి చూసింది. మెడ చూసింది. పిల్లకు మెలకువ వచ్చింది.

"ఎవరు తీసుకొచ్చిన్రు నిన్ను?"

"నువ్వే గద," అంది రజిత, నిద్రలో. "చెయ్యి నొస్తున్నది అంటె ఇడవవైతివి."

"ఏం మాట్లాడిన నేను తొవ్వల?"

"ఏం మాట్లాడలే. పేర్లు చదువుకుంట వచ్చినవ్." పిల్ల అటు తిరిగి పడుకుంది.

గౌరయ్య గోడకు ఆనుకొని బీడీ తాగుతున్నాడు. పొద్దున కళ్లనీళ్లు పెట్టుకున్న కళ్లు ఇప్పుడు చిరాగ్గా ఉన్నాయి.

"ఏమే, నీకేమన్న పిచ్చిగిట్ల లేసిందా? పిల్లను గడప కాడ ఇడిసి, మాట లేదు పలుకు లేదు, లోపలర్రలకు పోయి తలుపేసుకుంటివి. బువ్వ పెట్టమంటె పలుకవైతివి. మళ్ల ఎప్పుడు బయటికి పోయినవ్? ఏ తొవ్వకెల్లి పోయినవ్? నేను గీడ్నే కూసున్న."

లోపలి అర్ర చీకటి గది, ఇంకో వాకిలి లేదు. కిటికీ లేదు.

వెంకటనర్సమ్మకు అతన్ని చూసి ఈసారి నవ్వు రాలేదు, కోపం రాలేదు. లాంతరు తీసుకొని మెల్లగా అందరి మొహాలకూ చూపించింది. గోడ దగ్గర గౌరయ్య, ఒకటి. వాకిట్లో తెగిన చెప్పు పట్టుకొని లోపలికి రాకుండా నిలబడ్డ స్వరూపను రెక్క పట్టి లోపలికి గుంజింది. రెండు. చాప మీద రజిత, మూడు. ముగ్గురూ లెక్కకు వచ్చారు. ముగ్గురికీ ఊపిరి ఉంది, ముగ్గురికీ ఒళ్లు వెచ్చగా ఉంది. తన ఎదురు రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకొని, అక్కడ కొట్టుకునేదాన్ని కొంచెం సేపు విని, నాలుగు అనుకుంది.

ఇంట్లో ఉండాల్సిన వాళ్లు నలుగురే. నలుగురూ ముందు గదిలోనే ఉన్నారు.

లోపలి అర్ర తలుపును ఆమె ఒక్క వేలితో నెట్టి చూసింది. లోపలి నుంచి గొళ్లెం వేసి ఉంది.